బాలాస్ట్‌కి వెదరింగ్ పౌడర్ సెట్: ఆరు డబ్బాల్లో నాకు పనికొచ్చినవి మూడే

మోడల్ రైల్వేలో బాలాస్ట్‌ని, అంటే పట్టాల కింది కంకరని, వాడి వాడి పాతబడినట్టు చూపించే (దీన్నే వెదరింగ్ అంటారు) రంగు పొడుల సెట్ ఇది. ముందే చెప్పేస్తా, సెట్ మంచిదే. పౌడర్లు బాగున్నాయి, పౌడర్‌ని అంటించి నిలిపే ఫిక్సర్ బాటిల్ దండగ, నల్ల డబ్బా దగ్గర మాత్రం కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. తొందర్లో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి ఆరు డబ్బాల సెట్లు చాలామంది అమ్ముతున్నారు, నేను చెప్పేవాటిలో ఎక్కువ భాగం వాటన్నిటికీ వర్తిస్తాయి.

సెట్‌లో ఏముంటాయంటే ముదురు తుప్పు రంగు, లేత తుప్పు రంగు, నలుపు, ముదురు మట్టి, ఇసుక పసుపు, లేత బూడిద దుమ్ము రంగు, ఈ ఆరు పౌడర్లు, ఒక ఫిక్సర్ బాటిల్, ఒక బ్రష్, ఒక చిన్న రంగుల కాగితం. నేను వాడింది హెచ్‌ఓ లేఅవుట్ మీద, అంటే అసలు రైలులో 87వ వంతు సైజు (1:87 స్కేల్), పట్టాల మధ్య దూరం (గేజ్) 16.5 మి.మీ. డబుల్ లైన్ మెయిన్, ఒక స్టేషన్ లూప్, రెండు మూడు సైడింగులు (బండ్లు నిలిపి ఉంచే పక్క లైన్లు), చివర్లో ఒక చిన్న లోకో షెడ్. బాలాస్ట్ నిజం రాతి పొడే, పీవీఏ (తెల్ల) గమ్‌లో నీళ్లు కలిపి అతికించింది. అతికించడం బాగానే వచ్చింది గానీ చూస్తే ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే బూడిద రంగు, లైను వేసి ఇంకా ఒక్క రైలు కూడా నడవనట్టు. సైడింగులో పాత వ్యాగన్లు నిలబెడితే వాటి కింద కొత్త కంకర మెరుస్తుంటే కళ్లకి అస్సలు నప్పదు.

అసలు సెట్ గురించి మాట్లాడే ముందు కంకరకి ఆ రంగు ఎక్కడినుంచి వస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే ఏ డబ్బా ఎందుకో అర్థం కాదు. చాలామంది వెదరింగ్ అనగానే ఎండకి వానకి కంకర పాతబడటం అనుకుంటారు. అదీ ఉంటుంది గానీ మెయిన్ లైన్ మీద కనబడే ఆ గోధుమ రంగులో ఎక్కువ భాగం రైలు తెచ్చి పోసిందే. పోత ఇనుము బ్రేక్ బ్లాకులు చక్రానికి రాసుకున్న ప్రతిసారీ సన్నటి ఇనప పొడి రాలుతుంది, పట్టా చక్రం రాసుకుని అరిగింది కూడా దానికి తోడవుతుంది, అది కంకర మీద, స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మల) మీద, పట్టా పక్కల మీద పడి తుప్పు పట్టి మొత్తాన్ని ఒకే గోధుమ రంగులోకి లాగేస్తుంది. అందుకే రైళ్లు బ్రేక్ వేసే చోట, అంటే స్టేషన్‌కి ముందు, సిగ్నల్‌కి ముందు ఆ రంగు చిక్కగా ఉంటుంది. డిస్క్ బ్రేకులో, పోత ఇనుము కాని కాంపోజిట్ బ్లాకులో ఉన్న బండ్లు మాత్రమే తిరిగే కొత్త లైన్ల మీద ఈ తుప్పు బాగా తక్కువ. కాబట్టి మీ లేఅవుట్ ఏ కాలానిదో ముందు తేల్చుకోండి, తుప్పు డబ్బా మూత తర్వాత తియ్యండి.

రెండోది ఆయిల్. ఇంజన్ నిలబడే చోట రెండు పట్టాల మధ్యలో నల్లటి పట్టీ పడుతుంది, ప్లాట్‌ఫామ్ చివర, సిగ్నల్ దగ్గర, షెడ్‌లో, డీజిల్ పట్టే చోట. పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట, కదిలే బ్లేడ్ కింద ప్లేట్లకి గ్రీజు రాస్తారు కాబట్టి అక్కడ కూడా నల్లటి మచ్చలు. ఆవిరి ఇంజన్ల కాలం అయితే ఇంజన్ బూడిద దులిపే గుంటల దగ్గర బూడిద, బొగ్గు నుసి, ఇంజన్‌కి నీళ్లు పట్టే కాలమ్ దగ్గర తడి మరకలు. పాత బోగీల్లో టాయిలెట్ నేరుగా పట్టాల మీదికే కాబట్టి స్టేషన్‌లో ఆ మరకకి కూడా ఒక లెక్క ఉంటుంది, దానికి ఏ డబ్బా వాడాలో మీరే తేల్చుకోండి.

ఇప్పుడు పౌడర్ల సంగతి. మెదుపు చాలా బాగుంది, వేళ్ల మధ్య రాస్తే గరుకు తగల్లేదు, గడ్డలు లేవు. కంకర మీద వేసే పద్ధతి వ్యాగన్ మీద వేసినట్టు కాదు. వ్యాగన్ మీద బ్రష్‌తో రుద్దుతాం, ఇక్కడ రుద్దితే రాళ్ల పైముక్కలకే రంగు అంటి సందుల్లో పాత బూడిద రంగు అలాగే కనబడుతుంది, ముఖానికి పౌడర్ ఎక్కువై మెడ నల్లగా మిగిలిపోయినట్టు. అందుకని మెత్తటి గుండ్రటి బ్రష్ చివర పౌడర్ తీసుకుని కంకర మీద నిలువుగా చిన్నగా పొడుస్తూ పోవాలి, పౌడర్ సందుల్లోకి దిగుతుంది, తర్వాత పొడి బ్రష్‌తో ఒకసారి పైపైన ఊడిస్తే రాళ్ల మొనలు కొంచెం తేటగా బయటపడతాయి, అప్పుడే లోతు కనబడుతుంది. స్లీపర్లని వదిలెయ్యకండి. కంకరకి రంగు వేసి స్లీపర్ ప్లాస్టిక్ మెరుపుతో అలాగే ఉంటే మొత్తం కష్టం వృథా, బ్రేక్ దుమ్ముకి స్లీపరూ రాయీ తేడా తెలియదు కదా.

పట్టా పక్కల మీద మాత్రం ఈ పౌడర్ ఒక్కటే నిలవదు. మన మోడల్ పట్టాలు చాలావరకు నికెల్ సిల్వర్, పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి నికెల్ జింక్ కలిసిన లోహం, అది ఇనుములా తుప్పు పట్టదు, నున్నగా ఉంటుంది కాబట్టి పౌడర్ జారిపోతుంది. ముందు పక్కలకి మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ వేసి, అది ఆరాక పౌడర్ వేస్తే పట్టుకుంటుంది. ఈ పని కంకర రంగుకంటే ముందే చేసుకుంటే మేలు, పెయింట్ చుక్కలు కంకర మీద పడ్డా తర్వాత పౌడర్ కింద కలిసిపోతాయి.

కంకర దేంతో చేసిందో కూడా చూసుకోండి. వుడ్‌ల్యాండ్ సీనిక్స్ అనే కంపెనీ వాళ్ల బాలాస్ట్ వాల్‌నట్ పెంకుల పొడి, నిజం రాయి కాదు, తేలిగ్గా ఉంటుంది, తడిని పీల్చుకుంటుంది, దాని మీద తడి రంగు ఒక మెట్టు ముదురుగా దిగుతుంది. రాతి పొడి అయితే రంగు పైపైన నిలబడుతుంది. అందుకే ఒక అట్టముక్క మీద అదే కంకర అదే గమ్‌తో అతికించి ముందు దానిమీద చూసుకోవాలి. ఆ అట్టముక్కని కూడా లేఅవుట్ మీద ఉన్న లైట్ కిందే చూడాలి, కిటికీ దగ్గర కాదు. వామ్ వైట్ ఎల్‌ఈడీ కింద తుప్పు రంగు మండిపోతున్నట్టు కనబడుతుంది, కూల్ వైట్ కింద అదే రంగు చప్పగా ఉంటుంది. సెట్‌తో ఇచ్చిన రంగుల కాగితాన్ని అసలు నమ్మకండి, అందులో ముదురు తుప్పు ఇటుక ఎరుపులా ఉంది, డబ్బాలో చాకొలేట్‌కి దగ్గరగా ఉంది, నిజానికి డబ్బాలోదే మంచి రంగు.

ఫిక్సర్ దగ్గరికి వద్దాం, నాకు కోపం వచ్చింది ఇక్కడే. బాటిల్ మీద ఏం రాశారంటే పౌడర్ వేసి పైనుంచి చుక్కలుగా వదలండి, ఆరాక రంగు మారదు అని. మారింది. లేత బూడిద దుమ్ము వేసిన చోట ఫిక్సర్ పడగానే రంగు మాయమై ఆరాక కూడా సగమే తిరిగొచ్చింది, ముదురు మట్టి రంగు ఇంకా ముదిరింది, పైగా చుక్క పడిన చోటల్లా అంచు చుట్టూ ఉంగరంలా గీత, ఒకట్రెండు చోట్ల జిగిలి మెరుపు. మ్యాట్ అని రాసున్న ద్రవం మెరిస్తే ఏమనాలి చెప్పండి. ఇది ఈ సెట్ ఒక్కదాని జబ్బు కాదులెండి, సన్నటి పొడి రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపే ఆ లేత రంగు, ఆ గాలి స్థానంలో జిగురు వచ్చి కూర్చుంటే వెలుతురు వెనక్కి రావడం తగ్గి రంగు ముదురుతుంది, ఏ ఫిక్సర్‌కైనా ఈ గుణం ఎంతో కొంత ఉంటుంది. కానీ ఉంగరం గీతలకి మాత్రం ఆ సాకు చెల్లదు.

దాని బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. పౌడర్ పొడిగా వేశాక డ్రాపర్‌తో పక్కనుంచి ఒక చుక్క తగిలిస్తే చాలు, కంకర సందుల్లోంచి తనే పాకుతుంది, పౌడర్‌ని తీసుకెళ్లి రాళ్ల అడుగున కూర్చోబెడుతుంది, నీళ్లలా తలతన్యత ఎక్కువై గుండ్రంగా నిలబడి పౌడర్‌ని తేల్చదు. తడిగా ఉన్నప్పుడు రంగు భయంకరంగా ముదురుగా కనబడుతుంది, కంగారుపడి ఇంకో రంగు వెయ్యకండి, పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోండి. ఆల్కహాల్ జిగురు కాదు, కాబట్టి వేలితో గట్టిగా తుడిస్తే రంగు వస్తుంది, కానీ కంకరని ఎవరు తుడుస్తారు చెప్పండి, వ్యాగన్లలాగా చేత్తో పట్టుకునేది కాదు కదా. ఒక్క వ్యాక్యూమ్ క్లీనర్ దగ్గర మాత్రం గుర్తుపెట్టుకోవాలి, దగ్గరగా పెడితే కొంత రంగు లాగేస్తుంది. మరీ గట్టిగా నిలవాలంటే దూరం నుంచి మ్యాట్ వార్నిష్ పల్చటి పొగమంచులా స్ప్రే చెయ్యండి, రంగు కొంచెం తగ్గుతుంది కాబట్టి ముందే ఒక మోతాదు ఎక్కువ వేసుకుంటే సరిపోతుంది.

ఆల్కహాల్‌తో రెండు జాగ్రత్తలు. ఒకటి, పీవీఏ పూర్తిగా ఆరకముందు వద్దు, ఆరాక కూడా గుమ్మరించొద్దు, ఎక్కువైతే ఆ గమ్ మెత్తబడి కంకర కదులుతుంది, స్లీపర్లకి అక్రిలిక్ పెయింట్ వేసుంటే అది కూడా రుద్దితే లేచిపోతుంది. రెండు, అది మండే ద్రవం, ఇంజన్ నడపడానికి పట్టాల్లో పారే కరెంటు ఆపెయ్యాలి, కిటికీలు తెరవాలి, పక్కన సోల్డరింగ్ ఐరన్ వేడిగా పెట్టుకుని ఈ పని చెయ్యకూడదు.

ఇక నల్ల డబ్బా. దయచేసి ఇది ఒక్కటి అయినా చదవండి. వెదరింగ్ పౌడర్లలో నలుపు రెండు రకాలుగా వస్తుంది, ఒకటి కార్బన్ నలుపు, రెండోది నల్ల ఐరన్ ఆక్సైడ్, అంటే మ్యాగ్నటైట్. రెండోది అయస్కాంతానికి అంటుకుంటుంది. మన ఇంజన్ల మోటార్లలో అయస్కాంతం ఉంటుంది, ఇంజన్ పొట్ట పట్టాకి కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే తిరుగుతుంటుంది. ఆయిల్ మరక కోసం సరిగ్గా రెండు పట్టాల మధ్యలో, సరిగ్గా ఇంజన్ నిలబడే చోట ఈ పౌడర్ పోస్తే అది ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా, గేర్లలో ఉన్న గ్రీజుతో కలిసి రుబ్బుడు పొడిలా తయారవుతుంది. పరీక్ష చాలా తేలిక, కాగితం మీద చిటికెడు పౌడర్ పోసి కాగితం కింద ఒక చిన్న గట్టి అయస్కాంతం అటూ ఇటూ జరపండి, పౌడర్ మీసాల్లా లేచి దాని వెంట నడిస్తే అది ట్రాక్ మీదికి వద్దు, ఇళ్ల గోడలకో పొగ గొట్టాలకో వాడుకోండి. ఈ సెట్‌లో నలుపు నడిచింది. డబ్బా మీద ఎక్కడా ఆ మాట లేదు, రైల్వే ట్రాక్ సెట్ అని బొమ్మ వేసి అమ్మేవాళ్లు కనీసం ఒక లైను రాయొచ్చు కదా. ఎర్ర తుప్పు రంగులు మామూలుగా వేరే ఐరన్ ఆక్సైడ్, హెమటైట్ రకం, వాటికి ఈ లాగుడు లేనట్టే, అయినా అయస్కాంతం చేతిలో ఉంది కాబట్టి అన్ని డబ్బాలూ ఒకసారి చూసేసుకోండి. అన్నట్టు కొన్ని రాతి బాలాస్ట్‌ల్లో కూడా ఇనప రేణువులు ఉంటాయి, వాటికీ ఇదే పరీక్ష.

కార్బన్ నలుపు అయస్కాంతానికి అంటదు గానీ కార్బన్‌కి కరెంటు మోసే గుణం ఉంది కాబట్టి పాయింట్ల ఫ్రాగ్ (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క) దగ్గర, పట్టాల మధ్య ఇన్సులేషన్ గ్యాపుల దగ్గర దాన్ని కుప్పగా పోసి వదిలెయ్యకండి. ఆయిల్ మరకకి నాకు నచ్చిన దారి అసలు పౌడరే కాదు, ముదురు గోధుమ నలుపు పెయింట్ బాగా పల్చగా చేసి సన్న బ్రష్‌తో మధ్యలో పట్టీలా వదలడం, ఒకటి రెండు చోట్ల శాటిన్ (కొద్దిగా మెరిసే) వార్నిష్ చుక్క పెడితే తాజా ఆయిల్ తడిలా ఉంటుంది. అక్కడ కొంచెం మెరుపు ఉండాల్సిందే. ఫిక్సర్ మెరుపు పనికొచ్చేది ఏదైనా ఉంటే ఇక్కడే.

పాయింట్ల మీద పని మొదలుపెట్టే ముందు బ్లేడ్లు కదిలే చోట, హింజ్ దగ్గర మాస్కింగ్ టేప్ ముక్కలు వెయ్యండి, బ్లేడ్‌ని ఒకవైపు చేసి ఒకసారి, రెండోవైపు చేసి ఒకసారి పని చేసుకోండి. సన్నటి పౌడర్ బ్లేడ్‌కి, అది ఆనుకునే కదలని పట్టాకి (స్టాక్ రైల్) మధ్య చేరితే కాంటాక్ట్ పోతుంది, పాయింట్ మూసుకున్నట్టే కనబడుతుంది గానీ ఇంజన్ దాని మీద ఆగిపోతుంది. పని అంతా అయ్యాక పట్టా తలల్ని, అంటే చక్రం తిరిగే పైభాగాన్ని, ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, గుడ్డ తేటగా వచ్చేదాకా తుడిచి, అప్పుడే ఇంజన్ పెట్టండి. వాడని సైడింగ్ అయితే తల కూడా తుప్పు రంగులో ఉండాలి అనిపిస్తుంది, నిజంలో అలాగే ఉంటుంది, కానీ దాని మీద ఎప్పటికీ బండి నడపను అని ఒట్టు పెట్టుకుంటేనే చెయ్యండి.

సెట్‌లో బ్రష్ గురించి రెండు ముక్కలు, వెంట్రుకలు రాలుతున్నాయి. వ్యాగన్ మీద రాలితే ఊదేస్తాం, కంకరలో ఇరుక్కున్న వెంట్రుక ఫోటో తీసేదాకా కనబడదు, ఫోటోలో మాత్రం కేబుల్ తెగిపడినట్టు కనబడుతుంది. మేకప్ బ్రష్ ఒకటి కొనుక్కుంటే నయం. డబ్బా మూతలు కూడా బిగుతు ఎక్కువ, తెరిచినప్పుడల్లా పౌడర్ ఎగురుతుంది, మాస్క్ పెట్టుకోండి, ఫ్యాన్ ఆపండి.

రంగుల్లో నాకు బాగా పనికొచ్చినవి ముదురు తుప్పు, ముదురు మట్టి, లేత బూడిద దుమ్ము. మెయిన్ లైన్‌కి ముదురు తుప్పులో కొంచెం మట్టి రంగు కలిపి పట్టాలకి దగ్గరగా చిక్కగా, కంకర భుజాల (పక్క వాలుల) వైపు పోయేకొద్దీ పల్చగా. ఒకే మందంతో వేస్తే మళ్లీ మొదటికే వస్తాం, అప్పుడు బూడిద రంగు కార్పెట్, ఇప్పుడు గోధుమ రంగు కార్పెట్. డబుల్ లైన్‌లో ఒక లైను ఎత్తు ఎక్కే వైపు, ఒకటి దిగే వైపు అయితే దిగే లైనుకి బ్రేక్ దుమ్ము ఎక్కువ వెయ్యండి, ఎవరూ గమనించకపోయినా చూసేవాళ్లకి ఎందుకో బాగుందనిపిస్తుంది. సైడింగుల్లో మట్టి రంగు ఎక్కువ, అక్కడ కంకర సన్నగా, స్లీపర్ల పైదాకా పూడుకుపోయి ఉంటుంది, బూడిద నుసి కలిసి ఉంటుంది. లేత బూడిద దుమ్ము అన్నిటికంటే చివర్లో, స్లీపర్ల మీద పైపైన, అది పడితేనే మిగతా రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఇదే డబ్బా అందరికంటే ముందు ఖాళీ అయ్యేది, కంపెనీ వాళ్లేమో అన్నీ ఒకే సైజు ఇచ్చారు. లేత తుప్పు రంగు మరీ నారింజ, కంకర మీద వేస్తే బొమ్మలా ఉంటుంది, ఫిష్‌ప్లేట్ల (రెండు పట్టాలని కలిపే పలకల) మీద, పక్కన పడేసిన పాత పట్టా ముక్కల మీద చిటికెడు తప్ప దానికి పనిలేదు. ఇసుక పసుపు నేను దాదాపు ముట్టలేదు, జాయింట్ల దగ్గర కింది బురద నీళ్లతో పైకి ఉబికి వచ్చి కంకరని పూడ్చేసే మచ్చలు ఉంటాయి చూడండి, అవి చెయ్యడానికి మ్యాట్ మీడియంలో (మెరవని, రంగు లేని జిగురు ద్రవం) మట్టి రంగుతో పాటు కొంచెం కలిపాను, అంతే.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) ఉన్నవాళ్లు ఇదంతా ఎందుకు అంటారు. నిజమే, మొత్తం లైను మీద ఒక బేస్ రంగు వెయ్యడానికి ఎయిర్‌బ్రష్‌ని మించింది లేదు, పెయింట్ కంపెనీల్లో హంబ్రోల్ వాళ్లకి ట్రాక్ కలర్ అని ఒక రంగే ఉంది, రైల్‌మ్యాచ్ వాళ్ల స్లీపర్ గ్రైమ్ ఉంది, పట్టా పక్కలు స్లీపర్లు కంకర అన్నీ ఒకే ఊపులో అయిపోతాయి. కానీ అది పైనుంచి మాత్రమే పడుతుంది, రాళ్ల సందుల లోతు రాదు, సీనరీ అంతా అయిపోయిన లేఅవుట్ మీద అయితే ప్లాట్‌ఫామ్‌లు చెట్లు కప్పుకుంటూ కూర్చోవాలి. ఎన్ స్కేల్ వాళ్లకి ఇంకో మాట, 1:160లో 50 మి.మీ. రాయి 0.3 మి.మీ. మాత్రమే, సందులే అంత చిన్నవి కాబట్టి పొడి పౌడర్ తొందరగా పూడ్చేస్తుంది, మీకు ఆల్కహాల్‌లో కొన్ని చుక్కల ఇండియన్ ఇంక్ (నల్ల సిరా) వేసిన వాష్, అంటే బాగా పల్చటి రంగు, మేలు. అక్రిలిక్ పెయింట్‌ని ఆల్కహాల్‌లో కలిపి వాష్ చేద్దామనుకుంటే ముందు చిన్న గిన్నెలో చూడండి, కొన్ని రకాలు పెరుగు విరిగినట్టు ముద్దలు కడతాయి.

విడి డబ్బాలు దొరికితే సెట్ కొనకండి, ముదురు తుప్పు ఒకటి, ముదురు మట్టి ఒకటి, లేత దుమ్ము రెండు. సెట్టే దొరికితే తీసుకోండి, పౌడర్ నాణ్యతకి 5లో 4 ఇస్తా, ఫిక్సర్‌కి సున్నా. రంగు వేశాక స్టేషన్ అవతల ఒక గజం ముక్క మాత్రం రంగు లేకుండా అలాగే వదిలేశాను, కంకర కొత్తగా మార్చిన చోటు నిజంలో అలాగే తెల్లగా తేలి కనబడుతుంది, పక్కన చిన్న బోర్డు, కొన్ని పాత స్లీపర్ల దొంతి పెడితే సరిపోతుంది, ఆ స్లీపర్ల వెదరింగ్ ఇంకా మొదలుపెట్టలేదు.